శనివారం పూరీలు: వ్రతం ఒకరిది, సెగ ఒకరిది

శనివారం రాత్రి అన్నం ముట్టని ఇళ్ళు కృష్ణా డెల్టా దిగువన ఇప్పటికీ చాలానే ఉన్నాయి. బందరులో గానీ, గుడివాడలో గానీ, దివిసీమ పల్లెల్లో గానీ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని ఒంటిపూట ఉండేవారు మధ్యాహ్నం భోంచేసి రాత్రికి పలహారంతో సరిపెట్టుకుంటారు. ఆ పలహారం కొందరికి రెండు అరటిపళ్ళూ గ్లాసుడు పాలూ, కొందరికి ఇడ్లీ, ఉప్మా. కాస్త తీరిక ఉన్న ఇంట అది పూరీ, పక్కన ఉల్లిపాయ వెయ్యని బంగాళాదుంప కూర. అరడజను పూరీలు లాగించి లేచిన మనిషి ‘ఇవాళ నాకు ఉపవాసం’ అంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. ఆ నవ్వులో ఒక గట్టి ప్రశ్న దాగి ఉంది. అన్నం మానేసి అంతకంటే రుచైనది తిన్నవాడు దేవుడికి ఏం సమర్పించినట్టు? గోధుమ తినొచ్చా, నూనె తగలొచ్చా, కడుపు నిండొచ్చా అని ఈ ప్రశ్నను తిండి వైపు నుంచి తేల్చబోతారు చాలామంది. అటునుంచి వెళితే అది తేలదని నా అభిప్రాయం. ఆ రాత్రి వ్రతం నిలిచిందా లేదా అన్నది, దాని భారం ఎవరి ఒంటి మీద పడిందో చూస్తే తెలుస్తుంది.

ముందు శాస్త్రం సంగతి. ధర్మశాస్త్ర గ్రంథాలు ఆహార నియమానికి ఒకే కొలత పెట్టలేదు. రోజుకు ఒక్కసారి, పగటిపూట తినడం ఏకభుక్తం. పగలంతా ఉండి చుక్క పొడిచాక తినడం నక్తం. కార్తీక సోమవారాలు చేసేవారికి ఇది బాగా అలవాటు. అడగకుండా వచ్చినదాన్ని మాత్రమే తినడం అయాచితం. ఏమీ తినకుండా ఉండిపోవడం ఉపవాసం. ఎవరి శక్తికి తగ్గ మెట్టు వారికుంది. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని ఇంకో లెక్క కూడా చెప్పారు: నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. ఇందులో గోధుమ లేదు, నూనెలో వేగినదీ లేదు. ఉత్తరాదిన ఏకాదశి పట్టేవారు బియ్యంతో పాటు గోధుమనూ వదిలేస్తారు. ఆ రోజు పూరీ కావాలంటే కుట్టు పిండితోనో సింఘాడా పిండితోనో ఒత్తుకుంటారు. పండరిపురం విఠలుడి భక్తులకు ఏకాదశి పరమ నియమం. ఆ మహారాష్ట్రలో ఉపవాసపు వంట సగ్గుబియ్యం కిచిడీ. ఏకాదశి నాడు రెట్టింపు తింటారని వేళాకోళం చేసే సామెత పుట్టిందీ అక్కడే. ఆ విఠలుడికే బందరు చిలకలపూడిలో భక్త నరసింహం 1929లో గుడి కట్టించారు. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానం చేసి వచ్చి పాండురంగడిని దర్శించుకునే జనం ఈనాటికీ వేలల్లో ఉంటారు. దేవుడు అక్కణ్ణుంచి వచ్చినా ఉపవాసపు వంటకం మాత్రం ఇక్కడిదే అయింది. అక్కడ వదిలేసే గోధుమే ఇక్కడ పలహారం. మానవలసిన గింజ ఊరిని బట్టి మారిపోతోందంటే, పుణ్యం గింజలో లేదన్నమాట.

మరి ఇక్కడ బియ్యాన్నే ఎందుకు పక్కన పెట్టారు? ఈ నేలకు బియ్యం ఒట్టి తిండి మాత్రమే కాదు గనక. 1833 నాటి గుంటూరు కరువు కృష్ణకు రెండు వైపులా జనాన్ని ఊడ్చేసింది. 1855కల్లా బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, కాలవలు దిగువకు పారి, ఊళ్ళకు ఊళ్ళు వరిలోకి దిగాయి. అప్పటి నుంచి ఇక్కడ కౌలు లెక్క బస్తాల్లో, పరపతి లెక్క ధాన్యపు పురుల్లో, పెళ్ళి గొప్ప విస్తట్లో అన్నంలో. అలాంటి చోట వారానికొక పూట అన్నం ముట్టకపోవడమంటే, తన బలం అనుకున్నదాన్ని ఒకసారి దూరం పెట్టడం. గోధుమ ఈ నేలలో పండదు, దాని మీద ఇక్కడివారికి అంత హక్కూ లేదు, అంత మమకారమూ లేదు. దీనికి వంటింటి ఆచారం కూడా తోడైంది. అన్నం అంటు; ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి. నూనెలో వేగినదానికి ఆ పట్టింపు తక్కువ, అందుకే అది ప్రయాణాల మూటల్లోకి ఎక్కింది, వ్రతపు రాత్రుల్లోకీ ఎక్కింది. ఈ విధంగా చూస్తే శనివారం పూరీ వెనక ఒక తర్కం ఉంది. దాన్ని ఒట్టి తిండిపోతుతనమని కొట్టిపారేయలేం.

అయితే ఆ తర్కానికి రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది బరువు. గ్రాము పిండిపదార్థం 4 కేలరీలైతే గ్రాము నూనె 9; మూకుడులోంచి తీసిన పూరీ, గంజి వార్చిన అన్నం ముందు అల్పాహారం ఏ లెక్కనా కాదు. రెండోది రుచి, ఇది ఇంకా లోతైనది. తిండి మానినవాడి నుంచి విషయాలు తొలగిపోయినా వాటి మీది రుచి మిగిలిపోతుందని గీత రెండో అధ్యాయం 59వ శ్లోకం హెచ్చరిస్తుంది. పూరీ పలహారంలో విషయం కూడా తొలగలేదు, వేషం మార్చుకుంది. జైనులు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. గుడివాడలో పార్శ్వనాథుడి ఆలయం ఉంది. ఆ మతంలో ఆయంబిల్ అనే వ్రతం పట్టినవారు రోజుకొక్కసారే, పాలూ పెరుగూ నెయ్యీ నూనే బెల్లమూ ఏవీ తగలని చప్పిడి తిండి తింటారు. మనసును రెచ్చగొట్టేవని వాళ్ళు లెక్కపెట్టిన వాటిలో మూకుట్లో వేయించినవి ప్రత్యేకంగా ఒక వర్గం. ఆ లెక్కన పూరీ ఉపవాసానికి ఎదురుగా నిలబడే వంటకం. ఈ రెండు అభ్యంతరాలనూ ఒప్పుకుంటాను. కానీ ఏ వ్రతాన్నైనా అది ఇచ్చిన మాటను బట్టే తూచాలి. ఆయంబిల్ రుచిని వదులుతానంది, అక్కడ రుచి దొర్లితే వ్రతం చెడుతుంది. శనివారపు ఒంటిపూట చేసిన బాస చిన్నది: ఒక్కసారి భోంచేస్తాను, రాత్రి అన్నం ముట్టను. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని చెప్పింది ఆ గీతే, ఆరో అధ్యాయంలో. కడుపు ఎంత ఖాళీగా ఉందన్నది కొలతైతే ఆ మాటకు అర్థం ఉండదు.

కడుపు ఖాళీ కొలత కాదనడానికి ఇంతకంటే కఠినమైన సాక్ష్యం ఈ సీమలోనే ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. ఆ రోజు శనివారం, నడుస్తున్నది కార్తీక శుద్ధ పక్షం. పంచాంగం ప్రకారం ఒంటిపూటలకూ ఉపవాసాలకూ అది పవిత్రమైన రోజే. పది వేల మందికి పైగా పోయారు. మిగిలినవారు రోజుల తరబడి మెతుకు కోసం, మంచినీటి కోసం ఎదురుచూశారు. వాళ్ళు అన్నం ముట్టలేదు, నీళ్ళూ ముట్టలేదు. దాన్ని ఎవరైనా ఉపవాసమంటే నోరు మూయిస్తాం. తినకపోవడం అక్కడా ఉంది, శనివారం ఒంటిపూటలోనూ ఉంది. మధ్య తేడా ఒక్కటే. ఒకటి మనిషి తన ఇష్టంతో తన మీద వేసుకున్నది, రెండోది బయటి నుంచి వచ్చి మీద పడింది. వ్రతానికి ప్రాణం ఈ తేడాలోనే ఉంది. ఫలానా కష్టాన్ని నాకు నేనుగా తలకెత్తుకుంటున్నాను అని సంకల్పం చెప్పుకున్నాకే లేమి వ్రతమవుతుంది. దీన్ని ఒప్పుకుంటే దీని వెంటే ఇంకో మాటనూ ఒప్పుకోవాలి: నేను తలకెత్తుకున్నానని చెప్పిన కష్టం నా తల మీదే ఉండాలి. అది మెల్లగా జారి పక్కవారి మీద పడితే, సంకల్పం నాదే అయినా వ్రతం నాది కాకుండా పోతుంది.

ఈ కొలత చేత పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాలి. పూరీ తయారీ తీరు తెలిస్తేనే ఈ చిక్కు అర్థమవుతుంది. గోధుమపిండిలో కాస్త బొంబాయి రవ్వ, ఉప్పు వేసి చపాతీ పిండి కంటే గట్టిగా కలపాలి. మెత్తగా కలిపితే నూనె తాగుతుంది. పావుగంట నాననిచ్చి ఉండలు చేసి, అప్పడాల పీట మీద పొడిపిండి బదులు చుక్క నూనె రాసి ఒత్తాలి. పొడిపిండి చల్లితే అది మూకుడు అడుగున మాడి నూనెను నల్లబరుస్తుంది. అంచు, నడుము ఒకే మందంలో ఉండాలి. నూనె బాగా కాగాలి, పొగలు మాత్రం రాకూడదు. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. పూరీని అంచు నుంచి జారవిడిచి చిల్లుల గరిటెతో మెల్లగా అదిమితే, పైపొర ఆ వేడికి గట్టిపడేలోగా లోపలి తడి ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకు పైగా చోటు కోరుతుంది. బయటికి దారి దొరక్క రెండు పొరలనూ విడదీసి బుడగలా లేపుతుంది. ఎక్కడన్నా సూదిమొనంత చిల్లు పడిందా, ఆ పూరీ ఇక లేవదు. పొంగిన పూరీ కూడా నాలుగు నిమిషాలు ఆగితే లోపలి ఆవిరి చల్లారి చతికిలపడుతుంది, పొర తోలులా సాగుతుంది. అన్నం ఒకసారి వార్చి మూత పెడితే ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవచ్చు. పూరీ అలా ఆగదు. నలుగురికి తలా ఐదు అంటే ఇరవైసార్లు ఒత్తాలి, ఇరవైసార్లు వేసి తియ్యాలి. అందరూ వేడివేడిగా తినాలంటే ఒకరు తినకుండా పొయ్యి దగ్గర నిలబడాలి.

ఆ ఒకరు ఎవరో మన ఇళ్ళలో అడగక్కర్లేదు. చాలాసార్లు ఆవిడకూ శనివారమే. మధ్యాహ్నం భోజనం ఆఖర్న చేసి, సాయంత్రం దీపం పెట్టి, రాత్రి మూకుడు ముందు నిలబడి, అందరూ లేచాక చల్లారి చతికిలపడ్డ రెండు పూరీలతో తన పలహారం కానిస్తుంది. ఆవిడ లేని ఇంట్లో ఆ పని వంటమనిషిది. పీట మీద కూర్చున్నవాడు మానేసింది అన్నం, కోరింది వేడి. అన్నం మానడంలో అతనికి పోయింది ఏమీ లేదు, దాని బదులు మెరుగైనదే దొరికింది. ఆ మార్పిడికి అయిన చెమట మాత్రం ఇంకొకరిది. తపస్సు అంటే వేడిని ఓర్చుకోవడమే అయితే ఆ రాత్రి ఆ ఇంట్లో తపస్సు చేసింది మొక్కుకున్నవాడు కాదు. పూరీ మీద నాకున్న అభ్యంతరం ఇది. నూనె గురించిన చర్చ, గోధుమ గురించిన చర్చ దీన్ని కప్పిపుచ్చుతున్నాయి.

ఇది ఈ కాలపు సమానత్వ చర్చను తెచ్చి పాత ఆచారం మీద రుద్దడమని ఎవరైనా అనవచ్చు. ఆ పాత ఆచారాలనే అడిగి చూద్దాం. అయాచితం అనే మెట్టు ఎందుకుంది? అందులో తిండి మీద ఆంక్ష ఎంతో కొంతే, అసలు ఆంక్ష నోరు తెరిచి అడగడం మీద. దివిసీమకు ఆనుకుని ఉన్న ఘంటసాలలో బౌద్ధ స్తూప శిథిలాలున్నాయి. అలాంటి ఆరామాల్లో బతికిన భిక్షువులు మధ్యాహ్నం దాటితే తినరాదన్నది అందరికీ తెలిసిన నియమం. దానికి తోడు ఇంకొకటుంది: ఒంట్లో బాగుండి కూడా నెయ్యి, వెన్న, నూనె, తేనె, పాలు, పెరుగు వంటి మేలైనవాటిని తన కోసమని అడిగి పుచ్చుకుంటే అది దోషం. గిన్నెలో పడితే తినొచ్చు, అడిగితేనే తప్పు. బందరుకు 1841లో వచ్చి 1843లో బడి తెరిచిన మిషనరీ రాబర్ట్ నోబుల్ నాటి నుంచి ఈ పట్టణంలో బైబిలు చదివే ఇళ్ళూ ఉన్నాయి. అందులో యెషయా గ్రంథం 58వ అధ్యాయం సరిగ్గా ఈ తగువే తీరుస్తుంది. మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు పట్టించుకోవని జనం దేవుణ్ణి అడుగుతారు. ఉపవాసం రోజునే మీరు మీ ఇష్టం తీర్చుకుంటున్నారు, మీ పనివాళ్ళను అణిచి పని చేయించుకుంటున్నారు అన్నది వాళ్ళకు వచ్చిన జవాబు. మూడు వేర్వేరు సంప్రదాయాలు ఒక్కచోటికే వచ్చి ఆగాయి. ఏం తిన్నావన్నదాని కంటే ఎవరిచేత చేయించుకున్నావన్నదే అవి గట్టిగా అడుగుతున్నాయి.

ఈ ప్రాంతపు సాహిత్యంలో దీనికి అందమైన ఆధారం కూడా ఉంది. కళింగ దండయాత్ర దారిలో కృష్ణదేవరాయలు కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళానికి వచ్చి, హరివాసరం, అంటే ఏకాదశి నాడు ఉపవాసం ఉండి, ఆ రాత్రి నాలుగో జామున కలలో ఆంధ్రమహావిష్ణువు ఆదేశం అందుకున్నానని ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. అంటే ఆ కావ్యం ఒక ఉపవాసపు రాత్రి పుట్టింది. అందులో విష్ణుచిత్తుడి ఇల్లు నిత్యం అతిథులకు పెట్టే ఇల్లు. అర్ధరాత్రి వచ్చినవారికి వడ్డిస్తూ, కూరలు ఎక్కువ లేవనీ, వేడి లేదనీ, పిండివంటలు లేవనీ, దయచేసి భోంచేయమనీ అక్కడ బతిమాలుకుంటారు. వేడి లేదని నొచ్చుకున్నది పెట్టేవాడు. తినేవాడు వేడి కావాలని అడగలేదు. పెట్టే చెయ్యికీ తినే నోటికీ మధ్య ఉండవలసిన మర్యాద ఇది. శనివారం రాత్రి మన ఇళ్ళలో ఇది తలకిందులైంది: వేడి తగ్గిందని నొచ్చుకుంటున్నది తినేవాడు, అదీ వ్రతం పేరు చెప్పుకుని.

దీనికి వచ్చే ఎదురు వాదాల్లో అన్నిటికంటే బలమైనది ఇల్లాలే చెబుతుంది. ‘నేను ప్రేమగా చేస్తున్నాను, అదే నా సేవ, నా పుణ్యం’ అంటుంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అన్నదానాన్ని మించిన దానం లేదనుకునే సమాజంలో పెట్టడంలోని తృప్తి నిజమైనదే. కానీ సేవ ఇచ్చేవారి చేతిలో ఉన్నంతసేపే సేవ. ఈ వారం చెయ్యనంటే ఇంట్లో ముఖాలు మాడిపోని చోట అది సేవ. మాడిపోయే చోట అది బాకీ వసూలు. పైగా ఆవిడ పుణ్యం ఆవిడది. దాన్ని చూపించి అతను తన వ్రతం నిలిచిందనుకోలేడు. ఇంకొకరు అంటారు, రోజూ అన్నం వండటంలో మాత్రం శ్రమ లేదా అని. ఉంది, అది వేరే పెద్ద తగువు. అన్నం అవసరం, వ్రతం మనం ఎంచుకున్న అదనం. దేవుడి కోసమని నేను ఎంచుకున్న అదనానికి ఇంకొకరి సాయంత్రం ఖర్చు పెట్టే హక్కు నాకు లేదు. మరి హోటలు నుంచి తెప్పించుకుంటే? అక్కడా ఒకరు సెగ ముందు నిలబడతారు, కాకపోతే కూలి అందుకుంటారు. అందులో అన్యాయం లేదు, తపస్సూ లేదు. అది సరసమైన బేరం, అంతవరకే. చివరగా, ఇంత లెక్కలు చూస్తే భక్తి ఎండిపోతుందని భయపడేవారున్నారు. చిన్న మాట మీద నిలబడటం నేర్పడానికే వారానికో రాత్రి వ్రతం పెట్టుకున్నాం. ఆ ఒక్క రాత్రి కూడా భారం పక్కవారి మీదికి జారుతోందేమో చూసుకోలేని భక్తికి ఎండిపోయేంత తడి మొదట్నుంచీ లేదు.

కాబట్టి శనివారం పూరీ మానెయ్యమని నేననను. పండగనాడు పిల్లలు పొయ్యి చుట్టూ చేరి పొంగేదీ పొంగనిదీ లెక్కపెట్టుకుంటూ తినే పూరీ జోలికి అసలే వెళ్ళను. ఒంటిపూట ఉన్న మనిషికి పూరీ తినాలనుంటే దారి తేలిక: పిండి తనే కలుపుకోవాలి, తనే ఒత్తాలి, మూకుడు ముందు తనే నిలబడాలి, ఇంట్లో అందరికీ వేసి పెట్టి ఆఖరి రెండూ తను తినాలి. అప్పుడు గోధుమ మీదా నూనె మీదా ఏ పండితుడు ఆక్షేపణ తెచ్చినా ఆ వ్రతం చెక్కుచెదరదు, ఎందుకంటే దాని సెగ మొక్కుకున్నవాడికే తగిలింది. అంత ఓపిక లేదంటే శాస్త్రం ముందే చెప్పిన పళ్ళూ పాలూ ఉన్నాయి, వాటికి పొయ్యి వెలిగించే పని కూడా లేదు. ఒంట్లో శక్తి లేనివారికి ఆ రాత్రి అన్నమే తినేసి దణ్ణం పెట్టుకోవడం కూడా తప్పు కాదు. ఇంకొకరి కష్టంతో నిలబెట్టుకున్న నియమం కంటే నిజాయితీగా వదిలేసిన నియమమే దేవుడికి దగ్గర.